ఓడ వచ్చిందంటారు, యూరియా రాదు: వైజాగ్ పోర్టు రోజువారీ పట్టిక ఎట్ల చూడాలి?

నర్సంపేట ఎరువులు · సోమవారం, రాత్రి 8:40

నర్సంపేట పక్కన ఎరువుల దుకాణం నాది. యాసంగి వరికి, మక్కకు రెండో దఫా మందు వేసే టైం ఇది. పేపర్లో "విశాఖకు యూరియా నౌక" అని నాలుగు లైన్లు పడితే చాలు, తెల్లారేసరికి నా షట్టర్ ముందు చెప్పులు, పాసు పుస్తకాలు వరుసలో ఉంటున్నాయి. లోపల వేలిముద్ర మిషన్ ఉంది గానీ బస్తా లేదు. "ఓడ వచ్చిందట కదా, దాచిపెట్టినవా" అని మొహం మీదే అడుగుతున్నరు.

పోర్టు వాళ్లు ఏ ఓడ వచ్చింది, ఏది పోయింది అని రోజూ పట్టిక పెడతారట. ఫోన్లో తెరిచి చూశా. గళ్లు, అంకెలు, పొడి అక్షరాలు, ఒక్క ముక్క అర్థం కాలేదు. చదవడం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఓడ వచ్చాక సరుకు మన దాకా రావడానికి అసలు ఎన్ని రోజులు పడుతుంది?

పరకాల పత్తి · సోమవారం, రాత్రి 8:52

సముద్రం లేని జిల్లాలో ఓడల ముచ్చట. ఇదే తక్కువైంది మనకు. కానీ అన్నా, తెలిస్తే నాకూ చెప్పు, నేనూ ఆ లైన్లో నిలబడేవాణ్నే.

గాజువాక జనగామ · సోమవారం, రాత్రి 9:35

అన్నా, మాది జనగామ. చాన్నాళ్లుగా గాజువాకలో ఉంటూ ఓ షిప్పింగ్ ఏజెన్సీలో చేస్తున్నా. పొద్దున్నే ఆఫీసులో టీ కంటే ముందు మేం చూసేది ఆ పట్టికే.

దాంట్లో మూడు ముక్కలు ఉంటాయి. బెర్తుల మీద (ఓడను కట్టేసి సరుకు దించే చోట) ఉన్న ఓడలు, బయట యాంకరేజ్‌లో లంగరేసి ఆగిన ఓడలు, రాబోయే రోజుల్లో రావాల్సినవి. పేపర్లో "వచ్చింది" అన్న ఓడ ఈ మూడింట్లో ఎక్కడైనా ఉండొచ్చు. రావాల్సినవాటిలో పేరు కనబడగానే వచ్చేసిందని రాసినవాళ్లనూ చూశా. కాబట్టి ముందు ఓడ పేరు పట్టుకోండి, అది ఏ ముక్కలో ఉందో చూడండి.

తర్వాత గళ్లు. పేరు, జెండా, పొడవు, డ్రాఫ్ట్ (అంటే ఓడ నీళ్లలో ఎన్ని మీటర్ల లోతుకు మునిగి ఉందో), ఏజెంటు, సరుకు, ఎన్ని టన్నులు, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు బెర్తెక్కింది, ఎప్పుడు బయల్దేరొచ్చు. జెండా చూసి కంగారు పడకండి. పనామా, లైబీరియా, మార్షల్ దీవులు అని ఉంటుంది, సరుకు ఆ దేశాల నుంచి వచ్చిందని కాదు. యజమాని ఒక దేశం, రిజిస్ట్రేషన్ ఇంకో దేశం, సిబ్బందిలో మనవాళ్లూ ఉంటారు.

మీకు కావాల్సిన గడి ఒక్కటే: బ్యాలెన్స్. ఇంకా ఎన్ని టన్నులు దింపాలో అందులో ఉంటుంది. నిన్నటికీ ఇవ్వాళ్టికీ అది ఎంత తగ్గిందో చూస్తే రోజుకు ఎంత దిగుతోందో తెలిసిపోతుంది. రెండ్రోజులు కదలకుండా ఉంటే ఏదో అడ్డం పడ్డట్టే. వాన కావచ్చు, క్రేన్ కావచ్చు, షెడ్డులో జాగా లేకపోవచ్చు.

నర్సంపేట ఎరువులు · సోమవారం, రాత్రి 9:50

యాంకరేజ్‌లో ఆగడం ఎందుకు తమ్మీ? వచ్చింది వచ్చినట్టు లోపలికి రావచ్చు కదా?

గాజువాక జనగామ · సోమవారం, రాత్రి 10:20

బెర్తు ఖాళీ ఉండాలి కదన్నా. పైగా ఏ బెర్తు పడితే ఆ బెర్తు పనికిరాదు. వైజాగ్‌లో లోపలి హార్బర్ వేరు, బయటి హార్బర్ వేరు. లోపలిది 1933 నాటిది. ఆ ఏడు అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. బయటిది 1970లలో కట్టారు, బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని పెద్ద ఓడల్లో జపాన్‌కు పంపడం కోసం. లక్షన్నర టన్నులు దాటిన భారీ ఓడలు నిండుగా ఉంటే బయటే ఆగాలి, అంత లోతు లోపల ఉండదు.

లోపలికి రావాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి సన్నటి చానెల్. కెప్టెన్ ఎంత మొనగాడైనా సొంతంగా రానివ్వరు. పోర్టు పైలట్ పడవలో ఎదురెళ్లి, ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకుని పైకెక్కుతాడు. టగ్గులు, అంటే ఓడను లాగే చిన్న పడవలు, పట్టుకుంటాయి. అప్పుడు కదులుతుంది. కాబట్టి పట్టికలో "వచ్చిన టైము", "బెర్తు టైము" మధ్య ఒక్కోసారి పూట తేడా ఉంటుంది, ఒక్కోసారి వారం.

ఆ వారం ఎవరికీ ఉత్తగ రాదు. "నేను రెడీ" అని ఓడ నోటీసు ఇచ్చాక గడియారం మొదలవుతుంది. ఒప్పందంలో రాసుకున్న టైం దాటితే, ఓడను అద్దెకు తీసుకున్న పార్టీ రోజుకింత అని డెమరేజ్ కట్టాలి. అందుకే మా ఆఫీసులో అందరికంటే ఎక్కువ టెన్షన్ ఈ రెండు గళ్ల మధ్యే.

హన్మకొండ డెక్ · సోమవారం, రాత్రి 11:05

ఓడల మీద ఆఫీసరుగా చేసి, ఇప్పుడు హన్మకొండలో ఒడ్డున పడ్డా. తమ్ముడు చెప్పింది కరెక్టే, ఒకటి కలుపుతా.

పట్టికలో ఉన్న టన్నులు ఎవరూ తూకం వేసినవి కావు. యాభై వేల టన్నుల యూరియాను ఏ కాంటా తూస్తుంది? ఓడ పక్కన ముందు, నడుమ, వెనుక, రెండు వైపులా అంకెలు వేసి ఉంటాయి. సర్వేయరు, చీఫ్ ఆఫీసరు కలిసి ఆ ఆరు చోట్లా నీటి మట్టం చదువుతారు. సముద్రం వైపు చదవాలంటే చిన్న పడవలో పోవాలి. అల పైకీ కిందికీ ఆడుతుంటే రెండు మూడు నిమిషాలు కళ్లార్పకుండా చూసి, నడుమ అంకె రాసుకుంటారు. తర్వాత ఓడ పక్కనుంచి ఓ డబ్బాతో నీళ్లు తోడి హైడ్రోమీటరు వేస్తారు, ఎందుకంటే ఉప్పు తగ్గితే ఓడ ఇంకొంచెం మునుగుతుంది. అన్నీ లెక్కగట్టి దించక ముందు ఇంత బరువు, దించాక ఇంత, తేడా సరుకు. ఒక్క సెంటీమీటరు తప్పు చదివితే యాభై టన్నులకు పైగా అటో ఇటో. ఆ అంకె మీద కొట్లాటలు చూశా.

ఇంకో ముచ్చట. యూరియా ఓడలో వాన పడితే పని బంద్. గాలిలో తేమే పట్టదు దానికి, గడ్డ కడుతుంది. మబ్బు కనబడగానే హ్యాచ్ మూతలు (సరుకు గదుల పై మూతలు) మూసేస్తాం, చినుకు ఆగాక తెరుస్తాం. వానాకాలంలో ఇదే తంతు. మనకు యూరియా కావాల్సింది వానలు పడ్డప్పుడే, దిగనిదీ అప్పుడే.

కాజీపేట జంక్షన్ · మంగళవారం, ఉదయం 6:30

ఓడ కథ అయింది, మా కథ వినండి. రైల్వేలో చేసి రిటైరయ్యా.

గ్రాబులతో (క్రేన్‌కు వేలాడే ఇనుప పంజాలతో) తోడిన యూరియా తొట్లలో పడి, లారీల్లో షెడ్డుకు పోతుంది. అక్కడ వేపనూనె పట్టించి, 45 కిలోల బస్తాలు కుట్టి, వ్యాగన్లకు ఎక్కించాలి. ఒక రేక్ అంటే సుమారు 42 వ్యాగన్లు, 2,600 టన్నుల దాకా పడుతుంది. బస్తాల్లో చెప్పాలంటే 57 వేల పైచిలుకు. 50 వేల టన్నుల ఓడంటే 19 రేక్‌లు. అన్నీ వరంగల్‌కు రావు, తెలంగాణకే రావు. ఏ రాష్ట్రానికి ఎంత అనేది నెలనెలా ఢిల్లీలో తేలుతుంది. రాష్ట్రంలో ఏ జిల్లాకు ఎంత అనేది హైదరాబాద్‌లో. వచ్చిన రేక్‌లో సొసైటీల వాటా పోను మిగిలింది డీలర్లకు.

వైజాగ్ నుంచి వరంగల్ సుమారు 560 కిలోమీటర్లు. రాజమండ్రి, బెజవాడ, ఖమ్మం, డోర్నకల్, మానుకోట మీదుగా రావాలి. గూడ్సు కదిలితే ఒక రోజు పని, లూపులో పెడితే దేవుడికే తెలుసు. సూపర్‌ఫాస్ట్ వస్తుందంటే మొదట పక్కకు జరిగేది గూడ్సే. ఇక్కడ గూడ్స్ షెడ్డులో పెట్టాక హమాలీలు, లారీలు.

కాబట్టి నర్సంపేట సేటూ, ఓడ బెర్తెక్కిన రోజు నుంచి లెక్కేస్తే మొదటి రేక్ మీ ఊరికి వారంలో వచ్చినా అదృష్టమే అనుకోండి.

పరకాల పత్తి · మంగళవారం, ఉదయం 7:10

మరి రామగుండం పక్కనే ఉండె కదా, ఈ ఓడల గోల ఎందుకు సార్?

కాజీపేట జంక్షన్ · మంగళవారం, ఉదయం 7:25

రామగుండం యూరియా ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. అదీ మనకొక్కరికే కాదు, పక్క రాష్ట్రాలకూ పంచుతారు. 2025 వానాకాలంలో ఆ ప్లాంటు కొన్నాళ్లు ఆగింది, అదే టైంలో బయట నుంచి రావాల్సిందీ ఆలస్యమైంది. ఆ చెప్పుల లైన్లు మీరూ చూశారు.

ఏనుమాముల లెక్కలు · మంగళవారం, ఉదయం 10:15

నేను మిర్చి ఎగుమతి చేసేవాళ్ల దగ్గర అకౌంట్లు రాస్తా. మా బాధ మీకు తలకిందులు. మీరు ఓడ ఎప్పుడొస్తుందని చూస్తారు, మేం అది మమ్మల్ని వదిలేసి పోతుందేమోనని.

కంటైనర్ ఓడకు గేటు మూసే టైం అని ఒకటి ఉంటుంది. ఓడ పొద్దున బెర్తెక్కుతుందంటే, దానికి ముందే మా డబ్బా (కంటైనర్) పోర్టులో పడాలి, బరువు పత్రం పోవాలి, కస్టమ్స్ కావాలి. 2016 జులై నుంచి తూచిన బరువు ఇవ్వందే డబ్బా ఓడెక్కదు. మొన్న సీజన్లో ఇక్కణ్నుంచి చెన్నైకి లారీ పోయింది. ఓడ టైం మూడు సార్లు మారింది. చివరికి మా బుకింగ్ తర్వాతి ఓడకు తోసేశారు. డబ్బాలో తేజ మిర్చి. ఎండలో నిలబడితే లోపల చెమట పడుతుంది, రంగు దెబ్బతింటుంది. అడ్డంగా క్రాఫ్ట్ కాగితం, తేమ పీల్చే సంచులు వేలాడదీసినా ఓ హద్దు ఉంటుంది. కొనేవాడు రంగు చూసి రేటు కోస్తాడు.

అందుకే నేను పోర్టు పట్టికను నమ్మను. ఓడను మ్యాప్ మీద చూసే సైట్లు ఉన్నాయి, మెరైన్ ట్రాఫిక్, వెసెల్ ఫైండర్. అందులో ఓడ ఇంకా కొలంబో దగ్గరే ఉందంటే, రేపు చెన్నై అని ఏజెంటు ఎన్ని ఒట్లు పెట్టినా వినను.

గాజువాక జనగామ · మంగళవారం, ఉదయం 10:40

అక్కా, ఏజెంట్ల మీద ఆ మాట అనకండి. మాకు కెప్టెన్ ఏది పంపితే అదే పెడతాం. 😀 అయినా ఆ మ్యాప్ సైట్‌లో బెర్తు ఎప్పుడిస్తారో ఉంటుందా? బ్యాలెన్స్ ఉంటుందా? యూరియాకు మ్యాప్ చూస్తే ఏం లాభం? గుండ్రటి చుక్క కనబడుతుంది, దాని పొట్టలో ఎంత మిగిలిందో కనబడదు.

హన్మకొండ డెక్ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

రెండూ వేర్వేరు పనిముట్లు, కొట్లాడుకోకండి. మ్యాప్ చూసేవాళ్లు మాత్రం కొన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఆ సైట్లకు సమాచారం ఏఐఎస్ అనే యంత్రం నుంచి వస్తుంది. దేశాల మధ్య తిరిగే 300 గ్రాస్ టన్నేజీ (ఓడ సైజు కొలత, బరువు కాదు), ఆపైన ఉన్న ఓడలన్నిటికీ 2004 చివరి నుంచి అది తప్పనిసరి. ఓడ ఎక్కడుంది, ఎంత వేగం అనేవి యంత్రమే పంపుతుంది, వాటిని నమ్మొచ్చు. ఎక్కడికి పోతోంది, ఎప్పుడు చేరుతుంది, డ్రాఫ్ట్ ఎంత అనేవి మాత్రం బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద మనిషి చేత్తో కొట్టాలి. పాత పోర్టు పేరే నెలంతా ఉంచేసినవాళ్లు ఉన్నారు. టైం కూడా అంతర్జాతీయ సమయంలో ఉంటుంది, మనది ఐదున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం 6:30 అంటే మనకు అర్ధరాత్రి, తేదీ మారిపోతుంది.

చేరే టైం మీరే లెక్కేసుకోండి. బల్క్ ఓడ (విడి సరుకు మోసేది) 12 నాట్లతో, అంటే గంటకు 12 నాటికల్ మైళ్లతో, పోతే రోజుకు 288 నాటికల్ మైళ్లు, అంటే 530 కిలోమీటర్ల పైచిలుకు. కాజీపేట సార్ చెప్పిన వైజాగ్–వరంగల్ దూరం ఓడకు ఒక రోజు ప్రయాణం.

పేరుతో వెతక్కండి, ఒకే పేరుతో ఓడలు బోలెడు. ఏడంకెల ఐఎంఓ నంబరుతో (ప్రతి ఓడకూ ఉండే గుర్తింపు నంబరు) వెతకండి. ఓడ అమ్మినా, పేరు మార్చినా, జెండా మార్చినా అది మారదు. నంబరు సరిగ్గా రాసుకున్నారో లేదో చూడ్డానికి ఓ చిట్కా: మొదటి ఆరంకెల్ని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కలపండి. వచ్చినదాని చివరంకె, నంబరు చివరంకె ఒకటే కావాలి. 2021 మార్చిలో సూయెజ్ కాల్వలో అడ్డం పడ్డ ఎవర్ గివెన్ నంబరు 9811000. 63, 48, 5, 4, సున్న, సున్న కలిపితే 120. చివర సున్న. సరిపోయింది.

మంచిర్యాల అమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 3:05

నమస్తే. నాకు యూరియా, మిర్చి సంబంధం లేదు. మా బాబు డెక్ కాడెట్‌గా (ట్రైనింగ్‌లో ఉన్న ఆఫీసరుగా) పోయిండు, మొదటి ఓడ. వాడి ఓడను రోజూ ఫోన్లో చూసుకుంట. మొన్నటి నుంచి గుర్తు కదులుతలేదు, పాత చోటే చూపిస్తుంది, రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడ తెలిసినోళ్లు ఉన్నరని అడుగుతున్న.

హన్మకొండ డెక్ · మంగళవారం, మధ్యాహ్నం 3:15

అమ్మా, ఏం కంగారు పడకండి. ఆ సిగ్నల్ రేడియోలో పోతుంది, ఒడ్డున ఉన్న యాంటెన్నాలు నలభై, యాభై మైళ్ల దాకే పట్టుకుంటాయి. అది దాటి నడి సముద్రంలోకి పోతే ఉపగ్రహమే పట్టుకోవాలి, ఆ వివరం డబ్బులు కట్టినవాళ్లకే చూపిస్తారు. గుర్తు పక్కన "చివరగా అందిన సమయం" అని ఉంటుంది చూడండి. అది పాతదైతే సిగ్నల్ అందడం లేదని, ఓడకు ఏదో అయిందని కాదు. ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతున్నడు?

మంచిర్యాల అమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 3:40

సింగపూర్ దాటి దక్షిణాఫ్రికా దిక్కు అన్నడు బిడ్డా.

హన్మకొండ డెక్ · మంగళవారం, మధ్యాహ్నం 3:48

అయితే హిందూ మహాసముద్రం అడ్డంగా కోస్తున్నడు. దారిలో యాంటెన్నాలు దాదాపు ఉండవు. ఆఫ్రికా ఒడ్డు దగ్గరపడ్డాక మళ్లీ కనబడతడు. ఓడలో వైఫై ఉంటే మెసేజీ ముందే వస్తుంది. మాకు ఆ రోజుల్లో అదీ లేదు, పోర్టు వస్తే ఫోను బూతు కోసం పరుగే.

రాయి రేకు · మంగళవారం, రాత్రి 7:20

కరీంనగర్ నుంచి. గ్రానైట్ బ్లాకులు రైల్లో కాకినాడకు పంపే యార్డులో సూపర్‌వైజర్ని. టాన్ బ్రౌన్ రాయి ఎక్కువగా చైనాకే పోతుంది. మాకూ ఓడ టైమే ప్రాణం. తొందరపడి ముందే రేక్ పంపితే పోర్టులో జాగాకు అద్దె, ఆలస్యమైతే ఓడ ఆగదు. కాకినాడ పట్టికలో రాయి, బియ్యం పక్కపక్కనే ఉంటాయి. 2025లో మన తెలంగాణ బియ్యం ఫిలిప్పీన్స్‌కు పోయింది కూడా అక్కణ్నుంచే.

ఒకటి అడగాలి. తుఫాను హెచ్చరిక వస్తే పట్టికలో ఓడలన్నీ ఒక్కసారే "బయల్దేరింది" అని పడతాయి. లోడింగ్ సగంలో ఉన్నవి కూడా. ఒడ్డున కట్టేసుకుని ఉండటం క్షేమం కాదా?

హన్మకొండ డెక్ · మంగళవారం, రాత్రి 8:00

కాదు. కట్టిన ఓడను గాలి బెర్తుకు వేసి కొడుతుంది, తాళ్లు తెగుతాయి, ఓడా పోతుంది, బెర్తూ పోతుంది. నడి సముద్రంలో జాగా ఉంటుంది, ఇంజను నడుస్తుంటుంది, అలకు ఎదురు నిలబడొచ్చు. అందుకే పెద్ద ఓడల్ని బయటికి తరిమేస్తారు. పోర్టుల్లో 1 నుంచి 11 దాకా హెచ్చరిక గుర్తులు ఉంటాయి, 8, 9, 10 అంటే మహా ప్రమాదం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్‌ను ఎలా పీకి పందిరేసిందో అక్కడివాళ్లను అడగండి.

కాజీపేట జంక్షన్ · మంగళవారం, రాత్రి 8:25

మొంథా తుఫాను మరిచారా? 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు హన్మకొండ, వరంగల్ కాలనీల్లో నడుము లోతు నీళ్లు. డోర్నకల్‌లో పట్టాలు మునిగి రైళ్లు ఆగాయి. అక్కడ ఓడ ఆగిన రోజే ఇక్కడ రేక్ ఆగింది. పట్టికలో తుఫాను ఖాళీ కనబడితే దానికి ఇంకో నాలుగు రోజులు కలుపుకోండి.

ఓరుగల్లు కుర్రాడు · మంగళవారం, రాత్రి 9:10

సార్, ఇంటర్ అయింది. నాకూ ఓడలో ఉద్యోగం కావాలి. ఒకాయన నాలుగు లక్షలు కడితే నెలలో ఓడెక్కిస్తా అంటున్నాడు.

హన్మకొండ డెక్ · మంగళవారం, రాత్రి 9:18

కట్టకు. ఓడెక్కించే కంపెనీకి ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు (ఓడ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునే అనుమతి) ఉండాలి, డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ) సైట్‌లో పేరు ఉందో లేదో చూడు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటే ఐఎంయూ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ) ప్రవేశ పరీక్ష రాయి, వాళ్ల క్యాంపస్ వైజాగ్‌లోనే ఉంది. దీనికి వేరే పోస్టు మొదలుపెట్టు తమ్మీ, అక్కడ వివరంగా రాస్తా.

నర్సంపేట ఎరువులు · గురువారం, ఉదయం 9:05

పట్టిక చదివిన. పేపర్లో రాసిన ఓడ ఇంకా యాంకరేజ్‌లోనే ఉంది, బెర్తు టైం గడి ఖాళీ. దానికంటే ముందు వచ్చిన ఇంకో యూరియా ఓడ బెర్తు మీద ఉంది, బ్యాలెన్స్ సగం కంటే తగ్గింది. మనకు వచ్చేదేదైనా ఉంటే దాంట్లోంచే రావాలి, అవునా తమ్మీ?

దుకాణం ముందు బోర్డు మీద "ఓడ ఫలానా చోట ఉంది, ఇంత మిగిలింది" అని రోజూ రాద్దామనుకుంటున్న. రైతుకు తెలిస్తే ఉత్తగా రాత్రంతా లైన్లో పడుకోడు కదా.

పరకాల పత్తి · గురువారం, ఉదయం 9:30

రాయకు అన్నా. బ్యాలెన్స్ తగ్గిందని రాస్తే "అయిపోతుందట" అని పక్క మండలం కూడా వచ్చి పడుతది. బస్తా షెడ్డులో దిగినంక రాయి, చాలు.

ఏనుమాముల లెక్కలు · గురువారం, ఉదయం 10:00

నేను ఒప్పుకోను. ఏం తెలియకే కదా పుకార్లు. రాయండి, కానీ ఓడ లెక్క కాదు, రేక్ లెక్క రాయండి.

గాజువాక జనగామ · గురువారం, ఉదయం 11:10

సరిగ్గానే చదివారన్నా. బెర్తు మీదున్న ఓడ రేక్‌లు ఇప్పుడు లోడవుతుంటాయి. ఇక్కణ్నుంచి పోర్టు పట్టిక మీకు పనికిరాదు, ఏ రేక్ ఏ స్టేషనుకు అన్నది అందులో ఉండదు. మీ కంపెనీ ప్రతినిధిని "వరంగల్ పాయింటుకు రేక్ ఇండెంట్ (రైల్వేకు పెట్టే వ్యాగన్ల ఆర్డరు) పడిందా, ఎన్నో తేదీ" అని సూటిగా అడగండి. "ఓడ వచ్చింది సార్" అంటే ఊరుకోకండి. వ్యవసాయాధికారి దగ్గర కూడా రేక్ సమాచారం ముందే ఉంటుంది.

నర్సంపేట ఎరువులు · గురువారం, మధ్యాహ్నం 12:20

అడిగిన. "ఓడ వచ్చింది సార్" అనే మొదలుపెట్టిండు. ఏ ఓడ, బ్యాలెన్స్ ఎంత అంటే ఒక్క నిమిషం మాట్లాడలే. శనివారం రేక్ పెట్టొచ్చట, నా వంతు ఎన్ని టన్నులో రేపు చెప్తాడట. బోర్డు మీద అదొక్కటే రాస్తా. ఇంకో డౌటు, అదే పట్టికలో ఎంఓపీ అని ఒక ఓడ ఉంది. పొటాషేనా?

గాజువాక జనగామ · గురువారం, మధ్యాహ్నం 12:31

పొటాషే. అది ఇంకా రావాల్సినవాటిలోనే ఉంది, ఇప్పుడే ఎవరికీ చెప్పకండి.